‘అయిపోయింది’ అనే మాటకు భయపడి

హోటల్లో సర్వర్ నోట ఓ పట్టాన రాని మాట ఒకటుంది: ‘అయిపోయింది’. రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని వచ్చిన మనిషికి మటన్ బిర్యానీ లేదని చెప్తే అతను చికెన్‌తో సరిపెట్టుకోవచ్చు, లేదా లేచి ఎదురు హోటలుకు పోవచ్చు. పోతే ఆ పూట బిల్లు పోయినట్టే. మళ్లీ ఇటు రాకపోతే ఎన్ని బిల్లులు పోయాయో ఎవరికీ తెలియదు. గల్లా మీద కూర్చున్న యజమానికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఏడున్నరకు వంట మాస్టర్ వచ్చి ‘ఇంకో హండీ ఎక్కించమంటారా సార్’ అనడిగితే, చాలాసార్లు వచ్చే జవాబు ‘ఎక్కించు, పోతే పోయింది’. ఆ ‘పోతే పోయింది’ హండీ గురించే ఈ వ్యాసం. రెస్టారెంట్లలో తిండి వృథా కాకుండా కృత్రిమ మేధ, అంటే అందరూ అంటున్న ఏఐ, కాపాడుతోందని కొన్నేళ్లుగా వింటున్నాం. పారేసేదాన్ని గుర్తుపట్టే కెమెరాలు, రేపు ఎన్ని ప్లేట్లు అమ్ముడుపోతాయో ఇవాళే చెప్పే సాఫ్ట్‌వేర్లు వచ్చిన మాట నిజం. వాటితో ఫలితం కనిపిస్తున్నదీ నిజమే. అయితే ఆ ఫలితం ఎక్కణ్నుంచి వస్తోందని వెతుక్కుంటూ పోతే, యంత్రం తెలివి కంటే ముందు, వంటగదిలో ఇన్నాళ్లూ ఎవరూ రాసిపెట్టని ఓ పద్దు ఎదురవుతుంది. ఆ పద్దు చూశాక కూడా యజమాని ‘అయిపోయింది’ అనడానికి ఒప్పుకోకపోతే ఏఐ చేయగలిగింది సగం పనే.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచమంతటా కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం చెత్తలో కలిసింది. దుకాణాలు, హోటళ్లు, ఇళ్ల దాకా చేరిన తిండిలో ఇది 19 శాతం. అందులో ఇళ్ల వాటా 60 శాతం, హోటళ్లు, క్యాంటీన్లు, క్యాటరింగ్ వాళ్ల వాటా 28 శాతం, అంటే సుమారు 29 కోట్ల టన్నులు. ఇళ్లదే పెద్ద పాపమైతే హోటళ్ల మీద పడటమెందుకని అడగొచ్చు. ఇళ్లలో వృథా అయ్యేది గరిటెడు పప్పు, పిడికెడు అన్నం. కోట్ల వంటిళ్లలో కోట్ల మంది చేతుల మీదుగా పోతుంది. హోటల్లో అదే వృథా ఒకే గదిలో, ఒకరిద్దరి నిర్ణయం మీద, రోజూ పదుల కిలోల్లో జరుగుతుంది. ఒక మనిషి మనసు మారితే ఆ మేరకు మొత్తం మారుతుంది. పైగా పారేసిన అన్నంతో పాటు పోయేది బియ్యం ఒక్కటే కాదు. మడికి పెట్టిన నీళ్లు, వేసిన ఎరువు, కాల్చిన గ్యాస్, కూలీలకిచ్చిన డబ్బు అన్నీ పోతాయి. డంపింగ్ యార్డులో అది గాలి ఆడకుండా కుళ్లి మీథేన్ అవుతుంది. పొలం నుంచి కంచం దాకా జరిగే ఆహార నష్టమంతా కలిపి చూస్తే భూమిని వేడెక్కించే వాయువుల్లో 8 నుంచి 10 శాతం దానివల్లేనని ఆ నివేదిక అంచనా.

హోటల్లో వృథా అనగానే మన కళ్ల ముందు మెదిలేది ఎంగిలి ప్లేటు. సగం తిని వదిలేసిన నాన్, గిన్నె అడుగున మిగిలిన పన్నీరు కూర, వాటిని చూసి ‘ఈ కాలం పిల్లలకు అన్నం విలువ తెలీదు’ అనే పెద్దాయన. ఆ వృథా ఉంది, కాదనలేం. కానీ బ్రిటన్‌లో ర్యాప్ అనే సంస్థ 2013లో అక్కడి హోటల్ రంగాన్ని కొలిచి చూస్తే తేలిందేమిటంటే, పారేసిన తిండిలో తినేవాళ్ల ప్లేట్ల నుంచి వచ్చింది 34 శాతమే. 45 శాతం వంట తయారీలో పోయింది, 21 శాతం సరుకు పాడై పోయింది. అంటే మూడింట రెండు వంతులు కస్టమరు చేతికి రాకముందే చెత్తబుట్టకు చేరింది. మన హోటళ్లకు ఇవే అంకెలు అచ్చుగుద్దినట్టు వర్తించకపోవచ్చు. మన దగ్గర కూరగాయల తొక్కలెక్కువ, ఫ్రోజెన్ సరుకు తక్కువ. కానీ అసలు కీలకం మన వంటగదిలోనూ అదే: వంట చేయాలన్న నిర్ణయం ఆర్డరుకు ముందు జరిగిందా, తర్వాత జరిగిందా?

దోసె సంగతి చూడండి. పిండి ఉంటుంది, పెనం కాలుతూ ఉంటుంది, ఆర్డరు వచ్చాకే గరిటె తిరుగుతుంది. ఎవరూ అడక్కపోతే పిండి ఫ్రిజ్‌లోకి పోతుంది. మాడిపోయిన ఒకటో రెండో తప్ప దోసెల దగ్గర పారేసేది దాదాపు ఉండదు. బిర్యానీ దీనికి పూర్తిగా ఎదురు. మాంసం మసాలాలో గంటల తరబడి నానాలి, బియ్యం సగానికి పైగా ఉడికించి దాని మీద పరవాలి, మూత అంచుకు పిండి ముద్ద పూసి దమ్ పెట్టాలి. మూత వేశాక పది ప్లేట్లు తగ్గిద్దామంటే కుదరదు, ఓ ఐదు పెంచుదామన్నా కుదరదు. హండీ వస్తే మొత్తం వస్తుంది, మిగిలితే కిలోల్లో మిగులుతుంది. ఈ రెండింటి మధ్యలో ఉంటుంది ఇడ్లీ: పిండి ముందు రోజే రుబ్బి పులవబెట్టాలి, ఆవిరి మీద పెట్టేది మాత్రం వాయి వాయిగా. బఫే అన్నిటికన్నా ఘోరం. అక్కడ ఆఖరి అతిథికి కూడా ట్రే నిండుగా కనిపించాలన్నది నియమం, కాబట్టి ఆఖరి ట్రే పారేయడానికే వండినట్టు. ఏఐ ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ దండగో ఈ తేడానే చెప్తుంది. నిర్ణయం ముందుగా తీసుకోవాల్సిన చోట అంచనాకు విలువ. దోసె పెనం దగ్గర కెమెరా పెట్టి ఎవరూ బాగుపడరు.

ఇప్పుడు ఆ యంత్రం ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. నేల మీద తూకం బల్ల, దాని మీద మామూలు చెత్తడబ్బా, పైన ఓ స్టాండుకు కిందికి చూస్తున్న కెమెరా, పక్క గోడకు చిన్న తెర. హెల్పర్ ట్రేలో మిగిలిన అన్నం డబ్బాలో బోర్లిస్తాడు. బరువు ఇంతకుముందు 11 కిలోలు, ఇప్పుడు 15 కిలోలు. ఫొటోలో ఇంతకుముందు లేని తెల్లటి కుప్ప. తెర మీద ‘అన్నం, 4 కిలోలు’ అని పడి, దాని పక్కనే ఆ అన్నానికైన ఖర్చు రూపాయల్లో పడుతుంది. అంతే. ఈ ఆలోచన ఏఐతో పుట్టింది కాదు. అమెరికాలో పోర్ట్‌లాండ్‌కు చెందిన లీన్‌పాత్ అనే కంపెనీ 2004 నుంచి ఇదే పని మీద ఉంది. లండన్‌లో 2013లో పెట్టిన విన్నో కూడా మొదట తూకం బల్ల, తెర మాత్రమే ఇచ్చింది. ఏం పారేస్తున్నారో వంటవాడే వేలితో నొక్కి చెప్పాలి. రద్దీలో ఎవరు నొక్కుతారు? నొక్కినా చేతికి దగ్గరగా ఉన్న ‘ఇతరములు’ నొక్కి వదిలేస్తారు. 2019లో విన్నో కెమెరా పెట్టి, ఆ గుర్తుపట్టే పని యంత్రానికి అప్పజెప్పింది. వేలాది ఫొటోలు చూపించి ఇది సాంబారు, ఇది పప్పుచారు అని నేర్పితే యంత్రం ఆ తేడా పట్టుకుంటుంది. (ఈ తేడా పట్టుకోలేని మనుషులూ ఉన్నారు, అది వేరే సంగతి.) రాత్రికి పద్దు తయారు: ఏ వంటకం, ఏ వేళ, ఎన్ని కిలోలు, ఎన్ని రూపాయలు. డబ్బా తెల్లారేసరికి ఖాళీ అవుతుంది, పద్దు మాత్రం మిగులుతుంది.

రెండో రకం సాధనం అంచనా వేసేది. బిల్లింగ్ మెషీన్లో రెండు మూడేళ్ల అమ్మకాలు ఉంటాయి. ఏ వారం, ఏ గంట, వాన పడిందా, జీతాలొచ్చిన వారమా, క్రికెట్ మ్యాచ్ ఉందా, పక్క కాలేజీకి సెలవులా, ఇవన్నీ కలిపి యంత్రం రేపటి సంఖ్య చెప్తుంది. ఇక్కడ మనకు ఓ చిక్కుంది. పడమటి దేశాల్లో తయారైన సాఫ్ట్‌వేరు ‘పోయినేడు ఇదే రోజు’ అని చూస్తుంది. 2023 నవంబరు 5 ఆదివారం ఆశ్వయుజ మాసం. మాంసం కొట్ల ముందు క్యూ. 2024 నవంబరు 3 కూడా ఆదివారమే, కానీ అప్పటికే కార్తీకం వచ్చేసింది. ఎన్నో ఇళ్లలో ఉల్లిపాయ కూడా ముట్టరు. తేదీ చూసుకుని వండితే ఆ ఆదివారం హండీలు హండీలుగానే మిగులుతాయి. రంజాన్ కూడా అంతే, ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో మన దగ్గర మార్చి 12న మొదలైతే 2025లో మార్చి 2నే మొదలైంది. సాయంత్రం హలీం బట్టీల దగ్గర జనం ఎటు పోతారో తెలియాలంటే యంత్రానికి ఇంగ్లిషు క్యాలెండరుతో పాటు పంచాంగం, హిజ్రీ క్యాలెండర్ రెండూ ఇవ్వాలి. శనివారం, మంగళవారం మాంసం తినని వాళ్లు ఏ పేటలో ఎక్కువో కూడా అమ్మకాల్లోంచి అది నేర్చుకోగలదు. నేర్పకపోతే మాత్రం హోటల్లో కొత్తగా చేరిన కుర్రాడికి తెలిసినంత కూడా దానికి తెలియదు.

అంచనా మెరుగైతే ఎంత మిగులుతుంది? ఊహకు ఓ లెక్క వేసుకుందాం. ఒక హోటల్లో సగటున రోజుకు 200 ప్లేట్ల బిర్యానీ అమ్ముడవుతుంది. కానీ రోజుకో తీరు. మూడింట రెండు రోజులు 160కీ 240కీ మధ్య ఉంటుంది, మిగతా రోజులు అటో ఇటో ఆ హద్దులు దాటుతుంది. ప్లేటు 250 రూపాయలు, సరుకూ గ్యాసూ కలిపి ఖర్చు 100. నెలలో ఒకటి రెండు సార్లకు మించి ‘అయిపోయింది’ అనే మాట వినపడకూడదన్నది యజమాని పట్టుదల. అలాగైతే రోజూ 266 ప్లేట్లకు వండాలి, సగటున 66 ప్లేట్లు మిగులుతాయి. రోజుకు 6,600 రూపాయలు డబ్బాలోకి. ఇప్పుడు యంత్రం వచ్చి ఏ రోజు ఎంతో కాస్త దగ్గరగా చెప్పగలిగి, 40 ప్లేట్ల ఊగిసలాటను 20కి తెచ్చిందనుకుందాం. అదే పట్టుదలతో, ఆ రోజు అంచనాకు 33 ప్లేట్లు కలిపి వండితే చాలు. వృథా సగానికి సగం, రోజుకు 3,300. యజమాని స్వభావం మారలేదు, కస్టమరుకు తేడా తెలియలేదు, డబ్బాలో బరువు సగమైంది. ఏఐ ఇచ్చేది ఇది. చిన్న విషయమేమీ కాదు.

మిగతా సగం ఎక్కడుంది? ఆ పట్టుదలలో ఉంది. మిగిలిన ప్లేటుకు పోయేది 100, లేదని తిప్పి పంపిన ప్లేటుకు పోయే లాభం 150. పత్రికలమ్మే కుర్రవాడు పొద్దున ఎన్ని కాపీలు తీసుకోవాలన్న పాత గణిత సమస్య ఇదే. ఆ సూత్రం ప్రకారం ఇక్కడ అన్నిటికన్నా ఎక్కువ లాభం వచ్చేది పది రోజుల్లో నాలుగు రోజులు ఏదో ఒక వేళకు బిర్యానీ అయిపోయేలా వండినప్పుడు! అంచనాకు ఐదు ప్లేట్లు కలిపితే చాలు; సగటున 11 ప్లేట్లు మిగులుతాయి, ఆరుగురికి లేదని చెప్పాల్సి వస్తుంది. ‘తిరిగిపోయినవాడు మళ్లీ రాడు, వాడి విలువ 150 ఏమిటి’ అని యజమాని కోప్పడతాడు. న్యాయమైన కోపమే. సరే, 400 అనుకుందాం. అప్పుడు కలపాల్సింది 17 ప్లేట్లు, మిగిలేవి 19. 33 ప్లేట్లు కలపడం సబబని తేలాలంటే తిరిగిపోయిన ఒక్కో ప్లేటు విలువ 1,900 రూపాయలు అవ్వాలి. 250 రూపాయల ప్లేటుకు 1,900 రూపాయల భయం. ఈ అంకె ఏ యజమానీ కావాలని వేసుకున్నది కాదు, ‘పోతే పోయింది’ అన్న మాటలోనే అది దాక్కుని ఉంది. నిజంగా అంత విలువైన కస్టమర్లున్న హోటళ్లు ఉంటే ఉండొచ్చు. వాళ్లు తెలిసి వండుకోవచ్చు. మిగతావాళ్లు తెలియక వండుతున్నారు.

వాస్తవంలో ఇంత ఫలితం కనిపించిందా అంటే, పెద్ద వంటగదుల్లో కనిపించింది. ఐకియా ఫర్నిచర్ కంపెనీయే అయినా దాని దుకాణాల్లో రెస్టారెంట్లు కూడా పెద్దవే. 2018లో హైదరాబాద్‌లో తెరిచిన దుకాణంలో వెయ్యి మంది కూర్చునే రెస్టారెంటుంది, స్వీడన్ వంటలతో పాటు బిర్యానీ, సమోసా పెడతారు. ఆ కంపెనీ 2017లో ప్రపంచవ్యాప్తంగా తన వంటగదుల్లో ఈ తూకాలు మొదలుపెట్టి, కొన్నేళ్లకు తయారీలో వృథాను 54 శాతం తగ్గించామని ప్రకటించింది. ఆహార వృథా మీద పనిచేసే ఛాంపియన్స్ 12.3 అనే బృందం 2019లో 12 దేశాల్లోని 114 రెస్టారెంట్ల లెక్కలు చూసి, వృథా తగ్గించడానికి పెట్టిన ప్రతి రూపాయికీ మూడేళ్లలో సగటున ఏడు రూపాయలు మిగిలాయని చెప్పింది. ఈ అంకెలు చూసి మురిసిపోయే ముందు ఒక అనుమానం పెట్టుకోవాలి. ఇలాంటి ఫలితాల్లో చాలావరకు యంత్రాలు అమ్మేవాళ్లూ వాడేవాళ్లూ చెప్పుకున్నవి. వృథా తగ్గించుకోవాలని ముందే నిశ్చయించుకున్న హోటళ్లే ఇలాంటి లెక్కల్లోకి వస్తాయి. యంత్రం కొని మూలన పడేసిన హోటలు ఎవరి నివేదికలోనూ ఉండదు. పైగా ఆ 114 రెస్టారెంట్లలో అన్నిచోట్లా ఏఐ లేదు; చాలాచోట్ల జరిగింది తూకం వేయడం, సిబ్బందికి నేర్పడం, మెనూ మార్చడం. అయితే ఈ అనుమానం నా వాదానికి అడ్డు రాదు, ఊతమిస్తుంది. మేలు ఎక్కువగా జరిగేది పారేసేదాన్ని చూడటం వల్ల. యంత్రం ఆ చూపు అలసిపోకుండా కాపాడుతుంది.

‘ముప్పై ఏళ్ల అనుభవమున్న మాస్టర్‌కు తెలియనిది కంప్యూటరుకేం తెలుస్తుంది’ అన్నది ఒక అభ్యంతరం. వంట విషయంలో దీనికి ఎదురు చెప్పను. మసాలా మాడుతున్న వాసన గది అవతల నుంచి పసిగట్టే ముక్కు ఏ యంత్రానికీ లేదు. కానీ ఎంత వండాలన్నది రుచికి సంబంధించిన ప్రశ్న కాదు, జ్ఞాపకానికి సంబంధించింది. మనిషి జ్ఞాపకం ఒక పక్కకే మొగ్గుతుంది. నాలుగేళ్ల కిందట ఓ ఆదివారం ఎమ్మెల్యే గారి మనుషులొచ్చినప్పుడు బిర్యానీ అయిపోయి యజమాని చేత మాటపడ్డ రాత్రి మాస్టర్‌కు ఇవాళ్టికీ గుర్తుంటుంది. ఆ తర్వాత మిగిలిపోయిన వెయ్యి రాత్రులు గుర్తుండవు, ఎందుకంటే ఆ రాత్రుల్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. అనుభవం పేరుతో ఏటేటా పెరిగేది చాలాసార్లు ఈ భయమే. మంచి మాస్టర్ చేతికి ఆ వెయ్యి రాత్రుల పద్దు కూడా ఇస్తే అతని అనుభవం రెండు కళ్లతో చూస్తుంది.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం వంటగది అట్టడుగు నుంచి వస్తుంది. కెమెరా డబ్బా వైపే చూస్తున్నా, పద్దు మాత్రం మనుషుల పేర్ల దాకా పోతుంది. ఫలానా షిఫ్టులో ఎక్కువ పారేశారంటే ఆ షిఫ్టు వాళ్లకు చీవాట్లు, ఒక్కోచోట జీతంలో కోత. అలా చేసిన మరునాటి నుంచి అన్నం డబ్బాలో పడదు, వెనక సందులో పడుతుంది. పద్దు శుభ్రంగా ఉంటుంది, వృథా మాత్రం అంతే ఉంటుంది. ఎంత వండాలో చెప్పింది యజమాని అయినప్పుడు మిగిలినందుకు హెల్పర్‌ను తిట్టడం అన్యాయం కూడా. ఇంకో విషయం బయటికి ఎవరూ మాట్లాడరు: చాలా హోటళ్లలో రాత్రి మిగిలిందే పనివాళ్ల భోజనం, ఇంటికి కట్టుకెళ్లే మూట. వృథా సున్నాకు వస్తే ఆ మూట కూడా సున్నా అవుతుంది. దీనికి మార్గం ఒక్కటే, సిబ్బంది భోజనాన్ని మిగులు మీద వదిలేయకుండా 15 ప్లేట్లో 20 ప్లేట్లో ముందే అంచనాలో కలిపి వండటం. మిగిలిన డబ్బులోంచి దాని ఖర్చు తీసేసినా ఇంకా లాభమే. దీన్ని ఒప్పుకోని యజమాని ఏఐ గురించి మాట్లాడకపోవడం మేలు.

మిగిలింది పేదలకు పంచొచ్చు కదా అన్నది చాలామంది మనసులో ఉండే మాట. పంచాలి, పంచుతున్నారు కూడా. 2014లో ఢిల్లీలో మొదలై హైదరాబాద్‌తో సహా ఎన్నో ఊళ్లకు పాకిన రాబిన్ హుడ్ ఆర్మీ వాలంటీర్లు చేసేది ఈ పనే. మిగులు ఆహారాన్ని ఎలా సేకరించాలో, ఎలా పంచాలో చెప్తూ దేశ ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019లో నిబంధనలు తెచ్చింది. 2024 నవంబరులో జొమాటో, రద్దయిన ఆర్డర్లను దగ్గర్లో ఉన్నవాళ్లకు తక్కువ ధరకు అమ్మే ఏర్పాటు పెట్టింది. నెలకు 4 లక్షలకు పైగా ఆర్డర్లు రద్దవుతున్నాయని అప్పుడే బయటపెట్టింది. అయినా వండిన తిండి గడియారంతో పందెం వేస్తుంది. వేడి పదార్థం 60 డిగ్రీల పైన ఉండాలి, చల్లటిది 5 డిగ్రీల లోపు. ఈ మధ్యలో ఉన్న ప్రతి గంటా క్రిములకే పండగ. హోటలు మూసేది రాత్రి పన్నెండుకు. ఆ వేళకు 30 కిలోల బిర్యానీ ఎత్తుకుని, బండి పట్టుకుని, మెలకువగా ఉన్న ఆకలి మనిషిని వెతకాలి. ఎంత మంది వాలంటీర్లున్నా ఇది రోజూ జరిగే పని కాదు. మిగిలిందాన్ని వాడుకోవడంలో మరీ చివరి మెట్టు గ్యాస్: హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్లో పదేసి టన్నుల కూరగాయల చెత్తతో రోజుకు 500 యూనిట్ల దాకా కరెంటు తీస్తున్నారని ప్రధాని 2021 జనవరి ‘మన్ కీ బాత్’లో మెచ్చుకున్నారు. తొక్కలకూ కుళ్లిన టమాటాలకూ అది చక్కటి దారి. దమ్ వేసిన బిర్యానీని అదే గొట్టంలో పోసి బల్బు వెలిగించుకోవడంలో మాత్రం చక్కదనమేమీ లేదు.

ఎంగిలి ప్లేటు దగ్గర ఏఐ చేతులెత్తేస్తుందని కూడా చెప్పుకోవాలి. నార్వేలో ఇద్దరు పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, బఫేలో ప్లేటు సైజు తగ్గిస్తే వృథా దాదాపు 20 శాతం తగ్గింది; ‘ఎన్నిసార్లయినా రండి, కొంచెం కొంచెం పెట్టుకోండి’ అనే అర్థం వచ్చే చిన్న బోర్డు పెడితే మరో హోటళ్ల గుంపులో దాదాపు అంతే తగ్గింది. కెమెరా లేదు, సాఫ్ట్‌వేరు లేదు. మన ఫుల్ మీల్స్‌లో కూడా మనిషి అడక్కుండా రెండో గరిటె కూర వేసే వడ్డన ఆగితే చాలు. కొసరి వడ్డించడం మర్యాద అనుకునే చోట ఆ మాట ఎవరు చెప్తారన్నదే ప్రశ్న. 2017లో కేంద్ర మంత్రి రాంవిలాస్ పాశ్వాన్ హోటళ్లలో వడ్డించే పరిమాణాల సంగతి ఎత్తితే, సర్కారు మా ప్లేట్లలో చెయ్యి పెడుతోందని గొడవైంది. ఆ గొడవతో ఒకటి తేలింది: తినేవాడి ప్లేటు జోలికి పోతే కోపాలొస్తాయి, వండేవాడి హండీ జోలికి పోతే లాభం వస్తుంది. రెండోదాంతో మొదలుపెట్టడం తెలివి.

చిన్న హోటళ్లకు ఇదంతా అందుతుందా? కెమెరా డబ్బాలు, నెలనెలా చందాలు రోజుకు వందల మందికి వండే హోటళ్లకు, ఆస్పత్రి క్యాంటీన్లకు, ఐటీ కంపెనీల ఫుడ్‌కోర్టులకు గిట్టుబాటవుతాయి. పది టేబుళ్ల మెస్సుకు కావు, అవసరమూ లేదు. కూరగాయల కొట్లో ఉండేలాంటి ఎలక్ట్రానిక్ కాటా, గోడకు తాడుతో వేలాడే నోట్‌బుక్, మూసే ముందు ఐదు నిమిషాలు: ఏం మిగిలింది, ఎంత, ఏ పూట. నెల రోజులు రాస్తే చాలు, మంగళవారాల వరస దానంతటదే కనిపిస్తుంది. ఆ నోట్‌బుక్ పేజీలను ఫోనులో ఫొటో తీసి మామూలు ఏఐ యాప్‌కు ఇచ్చి ‘వచ్చే వారం ఎంత వండాలో చెప్పు’ అనడిగే రోజు కూడా వచ్చేసింది. జవాబు ఎంత బావుంటుందన్నది ఆ పేజీల్లో ఎంత నిజం రాశారన్న దాన్నిబట్టి ఉంటుంది. ఏఐ నడవడానికి కరెంటు ఖర్చు కాదా అనే వాళ్లకు కూడా ఇక్కడే జవాబు: రోజుకోసారి వేసే ఈ చిన్న లెక్కకయ్యే కరెంటు, ఒక హండీ దమ్ చేయడానికయ్యే గ్యాసు పక్కన లెక్కలోకి రానిది.

మరి ‘అయిపోయింది’ అనే మాట సంగతి? మన ఊళ్లలోనే దానికి ఇంకో ముఖం కూడా ఉంది. పొద్దున పదిన్నరకే గిన్నెలు బోర్లించి బెంచీలు కడిగేసే టిఫిన్ సెంటర్లు చాలా ఊళ్లలో ఉన్నాయి. పదకొండుకు వెళ్లినవాడికి ఇడ్లీ దొరకదు; వాడు తిట్టుకుంటూ వెనక్కి తిరుగుతాడు, మర్నాడు తొమ్మిదికే వస్తాడు, వస్తూ ఇంకొకణ్ని వెంటబెట్టుకొస్తాడు. ఆలస్యమైతే దొరకదన్న పేరే ఆ కొట్టుకు ప్రచారం. ఎంత పిండి రుబ్బాలో అక్కడ నిన్న సాయంత్రమే తేలిపోయింది, ఆ కొలత ఏళ్ల తరబడి మారలేదు. ఫుడ్ యాప్‌లో అయితే ఆ మాట అనే మనిషి కూడా ఉండడు. వంటకం పేరు పక్కన రంగు వెలిసిపోతుంది, కస్టమరు వేలు కింది వంటకం మీదికి జరుగుతుంది. స్విగ్గీ చెప్పిన లెక్క ప్రకారం 2024లో ఒక్క దాని ద్వారానే 8.3 కోట్ల బిర్యానీ ఆర్డర్లు పోయాయి, హైదరాబాద్ అన్ని ఊళ్లకన్నా ముందుంది. ఆ ఆర్డర్లలో ఏ పేట నుంచి ఏ గంటకు ఎన్ని వస్తాయో లెక్క యాప్ దగ్గర ఉంది. ఏడున్నరకు మాస్టర్ వచ్చి అడిగినప్పుడు గల్లా మీద ఉన్న మనిషి చేతిలో ఆ లెక్క లేదు.